గో-లైవ్ అయ్యాక ఏం చేయాలి? టీమ్‌ను ప్రాజెక్ట్ ఆలోచన నుంచి ప్రోడక్ట్ ఆలోచనకు మళ్లించే పద్ధతి

తొమ్మిది నెలలు కష్టపడి పాల సేకరణ కేంద్రాల కోసం ఒక యాప్ చేశాం. చెప్పిన తేదీకే గో-లైవ్ అయింది, అంటే జనం వాడకంలోకి వచ్చింది, బడ్జెట్ దాటలేదు. కేక్ కోశాం, క్లయింట్ నుంచి మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. రెండు వారాలు తిరగకుండానే టీమ్‌లో సగం మంది వేరే ప్రాజెక్టులకు వెళ్లిపోయారు.

మూడు నెలల తర్వాత వేరే పని మీద వెళ్తూ, హైదరాబాద్‌కు రెండు గంటల దూరంలో ఉన్న ఒక ఊళ్లో పొద్దున్నే ఆగాను. కేంద్రం ముందు క్యాన్లు, బకెట్లు పట్టుకుని ఇరవై మంది దాకా వరుసలో ఉన్నారు. కేంద్రం నడిపే పెద్దాయన పాలు కొలిచి, ఫ్యాట్ చూసి, లెక్క రాసుకుంటున్నాడు. నోట్‌బుక్‌లో. మా యాప్ ఉన్న ఫోన్ గోడ దగ్గర చార్జింగ్‌లో ఉంది.

"యాప్ వాడట్లేదా?" అని అడిగాను.

"వాడుతున్న సార్. మధ్యాహ్నం తీరుబడిగ కూసొని అన్నీ ఎక్కిస్త. ఇప్పుడు ఎక్కిద్దామంటే చక్రం తిరుగుతనే ఉంటది. లైన్ల ఉన్నోళ్లు ఆగుతరా?" అన్నాడు.

ఆఫీసులో మా రిపోర్టు మాత్రం పాలన్నీ యాప్‌లోనే నమోదవుతున్నాయని చూపిస్తోంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ పెద్దాయనకు పని రెట్టింపైంది. నోట్‌బుక్‌లోంచి మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక అంకె తప్పితే, ఆ పదిహేను రోజుల పేమెంట్‌లో రైతుకు డబ్బు తగ్గుతోంది.

ప్రాజెక్ట్ ఆలోచనకూ ప్రోడక్ట్ ఆలోచనకూ తేడా ఏమిటని ఎవరు అడిగినా నాకు ఆ నోట్‌బుక్కే గుర్తొస్తుంది. అనుకున్నది అనుకున్న రోజుకు, అనుకున్న ఖర్చులో ఇచ్చామా అని ప్రాజెక్ట్ అడుగుతుంది. పొద్దున ఆరు గంటలకు ఆ మనిషి పని తేలికైందా అని ప్రోడక్ట్ అడుగుతుంది. మేం మొదటిదానికి అవునని చెప్పి వెళ్లిపోయాం. రెండోది మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ప్రశ్నించుకోలేదు.

అలాగని మేం అజైల్ (సాఫ్ట్‌వేర్‌ను చిన్న విడతలుగా చేసే పద్ధతి) పాటించలేదా అంటే, పాటించాం. రెండు వారాల పని విడతలైన స్ప్రింట్లు, రోజూ స్టాండప్ అనే చిన్న మీటింగ్, విడత చివర వెనక్కి చూసుకునే రెట్రో, అన్నీ ఉన్నాయి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిసి రాసిన అజైల్ మ్యానిఫెస్టో సూత్రాల్లో, పనిచేసే సాఫ్ట్‌వేరే పురోగతికి ముఖ్యమైన కొలమానం అనే మాట ఉంది. మా సాఫ్ట్‌వేర్ పనిచేసింది. దాంతో ఎవరి పని జరుగుతోందో చూసే అలవాటే మాకు లేదు. ఆ అలవాటు ఎలా చేసుకోవాలో, ఆ తర్వాత మేం చేసిన పనుల నుంచి చెబుతాను. మీ టీమ్ బ్యాంకింగ్‌లో ఉన్నా, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా దారి ఇంచుమించు ఇదే.

1. మీ ప్రోడక్ట్ ఏదో ఒక్క వాక్యంలో రాయండి

మీ జిరా బోర్డు (టీమ్ పనులు రాసుకునే టూల్) పేరు ఒకసారి చూడండి. "ఫేజ్ 2", "మైగ్రేషన్ రిలీజ్ 3" లాంటిదేదో ఉంటుంది. అవి మన పనికి మనం పెట్టుకున్న పేర్లు. వాడే మనిషి అందులో ఎక్కడా కనిపించడు.

టీమ్ అంతా కూర్చుని ఈ ఖాళీలు నింపండి: ఎవరు, ఏ సమయంలో, ఏ పని చేసుకోవడానికి దీన్ని వాడతారు? మేం రాసుకున్నది ఇది: "పాల కేంద్రం నడిపేవారు, పాలు పోసే వేళలోనే, ప్రతి రైతు లెక్కనూ తప్పు లేకుండా నమోదు చేసి చీటీ చేతికిచ్చేందుకు." ఇంత చిన్న వాక్యానికి మాకు రెండు గంటలు పట్టింది. "పాలు పోసే వేళలోనే" అన్న మాట దగ్గరే ఎక్కువ వాదన నడిచింది, ఎందుకంటే అది ఒప్పుకుంటే మా యాప్ ఓడిపోయిందని ఒప్పుకున్నట్టే. మీ దగ్గరా ఏదో ఒక మాట మీద వాదన నడుస్తుంది. దాన్ని తొందరపడి ఆపొద్దు.

అజైల్‌లో ఒక పద్ధతైన స్క్రమ్ పాటించే టీమ్‌లకు దీనికి ఒక చోటు కూడా ఉంది. 2020 నవంబర్‌లో వచ్చిన స్క్రమ్ గైడ్‌లో ప్రోడక్ట్ గోల్ అనే భాగాన్ని చేర్చారు. చాలా టీమ్‌లు దాన్ని ఖాళీగా వదిలేస్తాయి. ఈ వాక్యం పట్టుకుంటే అది రాయడం తేలికవుతుంది.

2. వాడే చోటికి, వాడే వేళకు వెళ్లండి

ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేస్తామంటే ఇది చేయండి. నా ఉద్దేశంలో మిగతావన్నీ దీని తర్వాతే.

వెళ్లేటప్పుడు బిజినెస్ అనలిస్టును ఒక్కరినే పంపొద్దు. ఒక డెవలపర్, ఒక టెస్టర్ తప్పకుండా ఉండాలి. అనలిస్టు రాసుకొచ్చిన నోట్స్ చదివితే సమాచారం తెలుస్తుంది. వరుసలో నిలబడిన రైతు విసుక్కుంటుంటే, కేంద్రం నడిపే ఆయన చేతి తడి తుడుచుకుని ఫోన్ మీద వేలు పెడితే స్క్రీన్ కదలకపోవడం కళ్లారా చూసిన డెవలపర్‌కు ఇంకెవరూ రిక్వైర్‌మెంట్ రాసివ్వక్కర్లేదు. మా టీమ్‌లో ఒక అమ్మాయి అలా చూసొచ్చిన రోజు సాయంత్రమే, రైతు పేరుతో వెతికే స్క్రీన్ తీసేసి కోడ్ నంబర్ కొట్టే పెద్ద అంకెల కీప్యాడ్ పెడదామని కాగితం మీద గీసి చూపించింది. ఆ స్క్రీన్ మీద అప్పటికి ఆరు మీటింగులు జరిగాయి. ఏ మీటింగులోనూ ఆ ఆలోచన రాలేదు.

అక్కడ ఏం చేయాలంటే, ముందు మాట్లాడకుండా చూడండి. కనీసం అరగంట. యాప్ పక్కన ఇంకేం వాడుతున్నారో రాసుకోండి: నోట్‌బుక్, కాలిక్యులేటర్, గోడ మీద సుద్ద గీతలు, వాట్సాప్ గ్రూప్, ఎక్సెల్ షీట్. అలాంటి ప్రతి వస్తువూ మీ సాఫ్ట్‌వేర్ చేయలేకపోయిన ఒక పనిని చూపిస్తుంది. తర్వాత అడగండి. కానీ "మీకు ఇంకా ఏం ఫీచర్ కావాలి?" అని అడగొద్దు. అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు, మనం దాన్ని చేసుకొచ్చేస్తాం. "నిన్న ఏ దగ్గర ఇబ్బంది పడ్డారు? అప్పుడేం చేశారు?" అని అడగండి. నిన్నటి సంగతి అడిగితే నిజం బయటికొస్తుంది.

మీ వినియోగదారులు అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటే వెళ్లడం కుదరదు, అది నిజమే. అప్పుడు నెలకు రెండు సార్లు అరగంట స్క్రీన్ షేరింగ్ అడగండి. వాళ్లు తమ మామూలు పని చేసుకుంటూ ఉండాలి, మీరు మ్యూట్‌లో ఉండి చూడాలి. అదీ కుదరకపోతే ఒక వారం సపోర్ట్ టికెట్లన్నీ టీమ్ అంతా కలిసి చదవండి. ముగింపు రిమార్కులు వదిలేసి, వినియోగదారు మొదట రాసిన మాటలు చదవండి.

3. ఒక అంకె పట్టుకోండి

ఎన్ని స్టోరీ పాయింట్లు (పని పరిమాణానికి టీమ్ వేసుకునే అంచనా), ఎన్ని ఫీచర్లు, ఎంత శాతం పూర్తయింది అనే లెక్కలు మన శ్రమను కొలుస్తాయి. దానివల్ల ఎవరి పనిలో ఏం మారిందో కొలిచే అంకె ఒకటి కావాలి. మేం ఎంచుకున్నది: మొత్తం ఎంట్రీలలో సేకరణ వేళలోనే నమోదైనవి ఎన్ని?

దీనికి కొత్త డేటా కూడా అవసరం పడలేదు. ప్రతి ఎంట్రీకీ సర్వర్‌లో సమయం పడుతూనే ఉంది. మా రిపోర్టు మాత్రం తేదీ, పూట అనే రెండింటినే చూపించేది. ఆ సమయాలు తీసి గ్రాఫ్ గీస్తే పొద్దుటి పూట పాల లెక్కలన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య గుట్టగా పడ్డాయి. ఆ గ్రాఫ్ ప్రింట్ తీసి మేం కూర్చునే చోట గోడకు అంటించాం. మీ దగ్గర కూడా ఇలాంటి డేటా మూలన పడి ఉండే అవకాశం చాలా ఎక్కువ. కొత్త ట్రాకింగ్ టూల్ కొనే ముందు ఉన్న లాగ్‌లు తవ్వండి.

అంకె ఎంచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, మార్పు మొదలుపెట్టకముందే కనీసం రెండు వారాల పాటు అదెంత ఉందో రాసిపెట్టుకోండి. లేకపోతే తర్వాత పెరిగిందో లేదో చెప్పలేరు. రెండోది, దాని పక్కన కాపలాకు ఇంకో అంకె పెట్టండి. సేకరణ వేళలోనే నమోదు చేయమని కేంద్రాల మీద ఒత్తిడి పెడితే అంకె పెరుగుతుంది, కానీ హడావిడిలో తప్పులు పడి రైతు నష్టపోతాడు. అందుకని పేమెంట్ తేడాల మీద వచ్చే ఫిర్యాదుల సంఖ్యను కూడా పక్కనే చూశాం. మొదటిది పెరిగి రెండోది కూడా పెరిగితే అది మెరుగుదల కింద లెక్కకు రాదని ముందే రాసుకున్నాం.

ఇంకో మాట. ఈ అంకెను ఎవరి అప్రైజల్‌కూ ముడిపెట్టొద్దు. ముడిపెట్టిన రోజు నుంచి దాన్ని పెంచే తప్పుదారులు పుట్టుకొస్తాయి.

4. బ్యాక్‌లాగ్‌ను సమస్యలుగా తిరగరాయండి

మా బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, రెండు వందలకు పైగా ఐటమ్‌లు ఉండేవి. ఒక్కొక్కటీ తీసి "ఇది చేస్తే మన అంకె కదులుతుందా?" అని అడిగాం. కదలదు అనుకున్నవి, ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోనివి మూసేశాం. నిజంగా అవసరమైనవైతే ఎవరో ఒకరు మళ్లీ అడుగుతారు.

మిగిలినవాటి మాట మార్చండి. "ఆఫ్‌లైన్ సింక్ మాడ్యూల్ చేయాలి" అని ఉంటే "సిగ్నల్ లేని పూట కూడా లెక్క ఆగకూడదు" అని రాయండి. మొదటి మాట పరిష్కారాన్ని ముందే తేల్చేసింది. రెండోదానికి చిన్న పరిష్కారం కూడా దొరకొచ్చు. మా విషయంలో పూర్తి సింక్ మాడ్యూల్‌కు రెండు నెలలు అని ఎస్టిమేట్ ఉండేది. ఆ పూట ఎంట్రీలను మాత్రం ఫోన్‌లో దాచి, సిగ్నల్ వచ్చాక పంపే ఏర్పాటుతో మొదలుపెడితే రెండు స్ప్రింట్లలో చేతికొచ్చింది. దాన్ని ఒకేసారి అన్నిచోట్లా పెట్టకుండా నాలుగు కేంద్రాల్లో రెండు వారాలు నడిపి చూశాం. ఒక చోట ఫోన్ గడియారం తప్పుగా ఉండి పొద్దుటి పాలు సాయంత్రం పూటలో పడ్డాయి. నాలుగు చోట్ల కాబట్టి ఆ రోజే సరిదిద్దగలిగాం.

5. టీమ్‌ను కదలనివ్వకండి

అన్నింటికన్నా కష్టమైన మెట్టు ఇదే. సర్వీస్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఎందుకో తెలుసు. గో-లైవ్ అయిందంటే బిల్లింగ్ తగ్గుతుంది, మంచి డెవలపర్‌ను ఇంకో అకౌంట్ అడుగుతుంది, ఖాళీగా ఉంటే బెంచ్ (ప్రాజెక్ట్ లేకుండా కూర్చోవడం) అనే టెన్షన్ మొదలవుతుంది. సపోర్ట్ టీమ్‌కు హ్యాండోవర్ పేరుతో పని వివరించే నాలుగు కేటీ సెషన్లు పెట్టి వెళ్లిపోతారు. ఎందుకలా రాశామో తెలిసిన మనుషులు పోయి, రాసిన కోడ్ మాత్రం మిగులుతుంది.

పనిని ముక్కలుగా పంచి, మొత్తం ఎవరిదీ కాకుండా వదిలేస్తే ఏమవుతుందో అమెరికా 2013లో పెద్ద ఎత్తున చూసింది. ఆరోగ్య బీమా నమోదు కోసం అక్టోబర్ 1న తెరిచిన హెల్త్‌కేర్ డాట్ గవ్ సైట్‌ను పదుల కొద్దీ కాంట్రాక్టర్లు కట్టారు. తేదీకి తెరిచారు. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురు. తర్వాత దాన్ని నిలబెట్టినప్పుడు చేసిన పనుల్లో ముఖ్యమైనది, మొత్తం బాధ్యతను ఒకచోటికి తెచ్చి, అందరితో రోజూ స్టాండప్‌లు పెట్టి, పేజీ ఎంతసేపట్లో తెరుచుకుంటోంది, ఎన్ని ఎర్రర్లు వస్తున్నాయి అన్నవి చూస్తూ సరిదిద్దుకోవడం. కొత్త ఫీచర్లు ఆ తర్వాతి మాట.

అమెజాన్ సీటీఓ వెర్నర్ వోగెల్స్ 2006లో ఒక ఇంటర్వ్యూలో, కట్టినవాళ్లే నడపాలి అనే పద్ధతిని వివరించారు. దాన్ని యథాతథంగా తెచ్చి రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలు మోపితే మనుషులు వెళ్లిపోతారు. చిన్నగా మొదలుపెట్టండి. వారానికొక డెవలపర్ వంతున సపోర్ట్ టికెట్లు చూడాలి, ఆ వారం వాళ్లకు స్ప్రింట్ పని ఇవ్వకూడదు. పాల కేంద్రాల పని పొద్దున ఐదున్నరకే మొదలవుతుంది కాబట్టి, వంతు ఉన్నవాళ్లు మధ్యాహ్నం రెండింటికే లాగ్ ఆఫ్ చేసేవాళ్లు. ఈ వెసులుబాటు ఇవ్వకుండా బాధ్యత మాత్రం అడగడం అన్యాయం.

మొత్తం టీమ్‌ను నిలబెట్టలేకపోతే కనీసం ముగ్గురిని నిలబెట్టండి: ఏ పని ముందో తేల్చే ప్రోడక్ట్ ఓనర్, సిస్టమ్ అంతా తెలిసిన ఒక డెవలపర్, ఒక టెస్టర్. వీళ్లు ఉన్నంతకాలం కొత్తవాళ్లు వచ్చినా నిలదొక్కుకుంటారు.

6. డబ్బు మాట మార్చండి

ఫైనాన్స్ వాళ్లకు ప్రోడక్ట్ ఆలోచన గురించి పాఠం చెప్పొద్దు. వాళ్లకు కావలసింది ఎంత ఖర్చు, ఎప్పటిదాకా, ఎప్పుడు ఆపొచ్చు అనే మూడు సంగతులు. ఏడుగురి టీమ్, ఒక్కొక్కరికి నెలకు సగటున రూ.2 లక్షల ఖర్చు అనుకుంటే, మూడు నెలలకు రూ.42 లక్షలు. "ఈ 42 లక్షలతో ఫలానా అంకెను ఇక్కణ్నుంచి ఇక్కడికి తెస్తాం. మూడు నెలల చివర చూపిస్తాం, కదలకపోతే ఆపే హక్కు మీదే" అని చెప్పండి. ఏడాదికి సరిపడా ఫీచర్ల జాబితా చూపించి ఒకేసారి పెద్ద మొత్తం అడగడం కన్నా వాళ్లకు ఇందులోనే రిస్క్ తక్కువ.

ధర ముందే తేల్చేసిన ఫిక్స్‌డ్ బిడ్ కాంట్రాక్టులో ఉన్నారా? అప్పుడు కూడా చేయగలిగింది ఉంది. తర్వాతి ఎస్‌ఓడబ్ల్యూ (ఏ పని చేయాలో చెప్పే ఒప్పంద పత్రం) రాసేటప్పుడు మూడు క్లాజులు అడగండి. ఒకటి, ఇంకా మొదలుపెట్టని ఐటమ్‌ను అంతే పరిమాణం ఉన్న ఇంకో ఐటమ్‌తో చేంజ్ రిక్వెస్ట్ (మార్పు కోసం విడిగా పెట్టే అభ్యర్థన) లేకుండా మార్చుకోవచ్చు. రెండు, గో-లైవ్ తర్వాత మూడు నెలలు పైన చెప్పిన ముగ్గురూ ఉంటారు. మూడు, వాడకం డేటా చూసే హక్కు టీమ్‌కు ఉంటుంది. మొదటి క్లాజు చాలామంది క్లయింట్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే లాభం వాళ్లకే ఎక్కువ.

7. రోడ్‌మ్యాప్‌లో నిజమైన తేదీలే ఉంచండి

ఇప్పుడు, తర్వాత, ఆ తర్వాత అని మూడు గడులు చాలు. "ఇప్పుడు"లో ఉన్నవి స్పష్టంగా ఉండాలి, చివరి గడిలోవి సమస్యలుగా ఉంటే సరిపోతుంది. అయితే తేదీలే పాపం అనుకోవద్దు. 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు ఆ తేదీ మార్చుకునే వీలు లేదు. అలాంటిచోట ప్లాన్, మైలురాళ్లు, రోజువారీ ట్రాకింగ్ అన్నీ కావాలి. ఎవరో పీపీటీలో వేసిన తేదీని కూడా అదే గౌరవంతో చూడటం వల్లే టీమ్‌లు అలసిపోతాయి.

యూపీఐ ప్రయాణం చూడండి. 2016లో మొదలైంది. 2018 ఆగస్టులో యూపీఐ 2.0 వచ్చింది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం యూపీఐ 123పే 2022 మార్చిలో, చిన్న మొత్తాలను పిన్ కొట్టకుండానే చెల్లించే యూపీఐ లైట్ అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చాయి. కీప్యాడ్ ఫోన్ వాడే మనిషి కోసం 123పే మొదటి విడుదల తర్వాత ఆరేళ్లకు వచ్చింది. మొదటి విడుదలతోనే పని అయిపోయిందని మూసేసి ఉంటే ఆ మనిషికి అది అందేదే కాదు.

8. మీటింగులను కొద్దిగా తిప్పండి

కొత్త మీటింగులు పెట్టకండి. స్ప్రింట్ రివ్యూలో డెమో కన్నా ముందు మీ అంకె చూపించండి: గత రెండు వారాల్లో ఎంత కదిలింది, ఎందుకనుకుంటున్నాం. మొదటి రెండు మూడు సార్లు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే చాలా స్ప్రింట్లలో అది కదలదు. కదలలేదని ధైర్యంగా చెప్పిన టీమ్‌ను మేనేజర్ అందరి ముందు నిలదీస్తే ఇక మళ్లీ ఎవరూ నిజం చెప్పరు. కాబట్టి మేనేజర్‌తో ముందే విడిగా మాట్లాడి ఉంచుకోండి.

ప్రతి స్ప్రింట్‌లోనూ తీసేయగలిగింది ఏదైనా ఉందా అని అడగండి. ఎవరూ తెరవని రిపోర్టులు, ఎవరూ నొక్కని బటన్లు ఉంటాయి. మేం ప్రతి ఎంట్రీకీ రైతు ఫోన్‌కు ఓటీపీ పంపే స్టెప్ తీసేశాం. అది భద్రత కోసం పెట్టిందే. కానీ పాలు పోసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు, ఫోన్ ఉండేది భర్త దగ్గర, పొలంలో. ఆ స్టెప్ తీసేసి, చీటీ వెంటనే చేతికి వచ్చేలా చేశాక పెద్దాయన నోట్‌బుక్‌లో రాసే పేజీలు తగ్గడం మొదలైంది.

9. ప్రాజెక్ట్ మేనేజర్‌ను ఒంటరిని చేయకండి

ఈ మార్పు మాట వినగానే భయపడేది వాళ్లే. ఆ భయాన్ని గౌరవించండి. కార్డు మీద హోదాను ప్రోడక్ట్ మేనేజర్ అని మార్చి, అదే స్టేటస్ రిపోర్టు అడిగితే ఏమీ మారదు. వాళ్లకున్న బలాలు, అంటే వేరే టీమ్‌ల మీద ఆధారపడిన పనులు కదిలించడం, వెండర్లతో మాట్లాడటం, రిస్క్ ముందే పసిగట్టడం, ప్రోడక్ట్ టీమ్‌కూ కావాలి. ఆ పనులు వాళ్ల పేరు మీదే ఉంచండి. ఏది ముందు, ఏది వద్దు అని తేల్చే అధికారం మాత్రం ప్రోడక్ట్ ఓనర్ దగ్గరే ఉండాలి. పైనుంచి వచ్చిన ప్రతి కోరికనూ బ్యాక్‌లాగ్‌లో రాసుకోవడమే ఆయన పని అయితే, ముందు ఆ సంగతి తేల్చుకుని మిగతా మెట్లు మొదలుపెట్టండి.

10. మొదటి నెలకు మీ మేనేజర్‌ను ఏం అడగాలి

కంపెనీ అంతా మారాలని అడిగితే ఆ ఫైలు కదలదు. ఒక టీమ్, మూడు నెలలు అని అడగండి. ఒక పేజీ చాలు: మీ ఒక్క వాక్యం, ఇప్పుడు అంకె ఎంత ఉంది, కాపలా అంకె ఏది, ఎవరెవరు కదలకుండా ఉండాలి, ఖర్చు ఎంత, ఏ రోజున కూర్చుని కొనసాగించాలో ఆపాలో తేలుస్తారు. మొదటి వారం వాక్యం, రెండో వారం ఫీల్డ్ విజిట్, మూడు నాలుగు వారాలు అంకె కొలిచి రాసిపెట్టడం. ఈ నెల రోజుల్లో కొత్త ఫీచర్ ఏదీ ఒప్పుకోవద్దు, బగ్‌లు మాత్రం సరిచేయండి. ఆ పేజీకి మీరు వాడే చోట తీసిన ఒక ఫొటో జత చేయండి. మేం జత చేసింది, చార్జింగ్‌లో ఉన్న ఫోన్ పక్కన తెరిచి ఉన్న నోట్‌బుక్ ఫొటో.